కాజాల సందులో ఒక పోగు

నగరం, నాలుగో అంతస్తు గది

వదినా,

ఫోన్ చేస్తే అన్నయ్య నీ చేతిలోంచి లాక్కుని "తిన్నావా, గదిలోకి గాలొస్తోందా" అని అడిగి పెట్టేస్తున్నాడు. నీతో మాట్లాడినట్టే ఉండట్లేదు. అందుకే ఉత్తరం. మన ఊరి బస్సు డ్రైవరు ఎలాగూ పార్సిళ్లు మోస్తాడు కదా, ఇదీ మోస్తాడు.

నా ఉద్యోగం సంగతి వింటే నవ్వుతావు. నగర కార్యాలయం వాళ్లు నాకు మెడలో ఒక బిళ్ల వేసి, చేతిలో కాగితాలు పెట్టి, వీధుల మీదికి వదిలేశారు. ఇళ్లలో వాళ్లని "ఈ ఊళ్లోనే ఎందుకుంటున్నారు?" అని అడగాలి. కొట్లవాళ్లని "ఇక్కడే ఎందుకు పెట్టారు?" అని అడగాలి. జవాబులు కూడా మా పెద్దసారు ముందే అచ్చు వేయించేశారు. రోడ్లు, నీళ్లు, కరెంటు, పన్నులు. చివర్న "ఇతరములు" అని ఇంత చిన్న గడి. మనం టిక్కు పెట్టుకుంటూ పోవడమే.

కానీ జనం ఆ గళ్లలో ఇమడట్లేదు వదినా! మొదటి ఇంట్లోనే ఒకావిడ, "ఇక్కడ నేను గేటు దాటితే ఎక్కడికమ్మా అని అడిగే నాథుడు లేడు, అదే నాకు స్వర్గం" అంది. ఏ గడిలో పెట్టను? ఇంకొకాయన గంటసేపు అద్దెల్నీ, దుమ్మునీ, ట్రాఫిక్‌నీ తిట్టిపోశాడు. మరైతే వెళ్లిపోవచ్చుగా బాబాయ్ అన్నానని నన్ను కొట్టేటంత పని చేశాడు. అన్నీ "ఇతరములు"లోనే రాస్తున్నాను. పెద్దసారుకి ఒళ్లు మండుతోంది.

అసలు విషయం ఇది. ఇక్కడ దర్జీల సందు ఒకటుంది. అందులో ఒకాయన కాజాలు మాత్రమే కుడతాడు. చొక్కా కుట్టడు, గుండీ కూడా కుట్టడు. కాజా ఒక్కటే! పక్క కొట్లో ఆవిడ గుండీలు మాత్రమే అమ్ముతుంది. ఆ పక్కన లైనింగు మాత్రమే. నువ్వేమో మన కొట్లో కొలత తియ్యడం దగ్గర్నుంచి ఇస్త్రీ దాకా ఒక్కదానివే చేస్తావు. వీళ్లందరూ ఒకళ్లనొకళ్లు ఆనుకుని ఎందుకున్నట్టు? నీకేమైనా తెలుసా?

నాన్న శాలువా మంచం మేకుకి తగిలి చిరిగింది. బొటనవేలు పట్టేంత చిల్లు. నాతో గదిలో ఉండే నర్సు ఓదార్చింది గానీ ఏడుపు ఆగలేదు. నాన్న, చిల్లు కనపడకుండా పోగులు నేసే రఫ్ఫు పని నేర్చుకోవే అంటే సూది చూసి పారిపోయేదాన్ని. నువ్వు కోడలిగా వచ్చి నేర్చుకున్నావు. ఇప్పుడు అనుభవిస్తున్నాను.

కొట్టు ఎలా ఉంది? దాటేయకుండా చెప్పు.

నీ మరదలు


బస్టాండు వెనక, కొట్టు

ప్రశ్నల పుట్టకి,

నిన్ను జీతమిచ్చి మరీ ప్రశ్నలు అడగమన్నారంటే ఆ ఊరు గొప్పదే, ఒప్పుకుంటున్నాను. ఇక్కడ ఊరికే అడిగి మా ప్రాణాలు తోడేదానివి.

కాజాలు మాత్రమే కుట్టి కడుపు నింపుకుంటాడా? చెవిలో పువ్వు పెట్టకు. ఆయనకి చొక్కాలు ఎవరు తెస్తారు? జ్వరమొస్తే ఎవరు కుడతారు? పక్కనే ఇంకో కాజాలాయన కొట్టు పెడితే? ఇవి అడిగి రాయి. నాకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

కొట్టు సంగతి అడిగావు కాబట్టి చెప్తున్నాను, మీ అన్నయ్య దగ్గర మాత్రం నోరు జారకు. ఎదురుగా గాజు తలుపుల రెడీమేడ్ దుకాణం తెరిచారు. పిల్లల గౌన్ల దగ్గర్నుంచి ముసలాళ్ల లాల్చీల దాకా అన్నీ కుట్టేసే ఉన్నాయి. నా కొట్లో మిషను చప్పుడు విని చాలా రోజులైంది. మొన్న ఆ దుకాణం మేనేజరు వచ్చి, "మా దగ్గర చేరండమ్మా, ప్యాంట్ల కాళ్లు పొట్టి చెయ్యడానికి మనిషి కావాలి" అన్నాడు. నెలాఖరులోగా చెప్పమన్నాడు. మర్యాదగానే అడిగాడు పాపం. అయినా ఆ రోజు నాకు అన్నం సయించలేదు. పొద్దస్తమానం ప్యాంట్ల కాళ్లు మడుస్తూ కూచుంటే ఇంక నా వేళ్లకి రఫ్ఫు ఏం గుర్తుంటుందే? మామయ్య అన్నేళ్లు పక్కన కూచోబెట్టుకుని నేర్పింది అక్కడితో ఆఖరు.

రఫ్ఫు చేయించుకునేవాళ్లు ఈ ఊళ్లో ఎవరున్నారులే. పోయిన ఏడాది హెడ్‌మాస్టరు గారు వచ్చారు, ప్యాంటు న్యూస్‌పేపర్లో చుట్టి, దొడ్డి తలుపు వైపు నుంచి. "ఎవరికీ తెలియకూడదమ్మా" అన్నారు. తెలియనిస్తానా? ఇప్పటికీ ఆ ప్యాంటు వేసుకునే ప్రార్థనలో నిలబడుతున్నారు.

శాలువా దాచిపెట్టు. చిల్లు దగ్గర పోగులు లాగావంటే చంపేస్తాను.

వదిన


నగరం, నాలుగో అంతస్తు గది

వదినా,

నీ ప్రశ్నలు పట్టుకుని కాజాలాయన దగ్గరికి పోయాను. మెడలో బిళ్ల తీసి సంచీలో పెట్టుకుని మరీ పోయాను, లేకపోతే సర్కారు మనిషని అబద్ధాలు చెప్తాడు.

ముందు మండిపడ్డాడు. "మీ వదిన ఊళ్లో నేనుంటే ఆకలికి చస్తాను. అక్కడ పండక్కో పెళ్లికో ఒక చొక్కా. ఇక్కడ ఈ చుట్టుపక్కల కుట్టే ప్రతి చొక్కా కాజాలకి నా దగ్గరికే వస్తుంది. ఇంతమంది ఉన్న ఊళ్లోనే ఇంత చిన్న పని మీద మనిషి బతగ్గలడు" అన్నాడు. జ్వరమొస్తే గుండీలావిడ కుడుతుందట, ఈయన దగ్గరే నేర్చుకుంది. పక్కన ఇంకో కాజాలవాడు వస్తే అని అడిగావు కదా, సందు చివర ఉన్నాడట, రోజూ ఇద్దరూ కలిసే టీ తాగుతారు! "బేరం లాక్కోడా?" అన్నాను. "లాక్కుంటాడు. అందుకేగా నా కాజా ఇంత నీటుగా ఉంటుంది" అని ఒకటి చూపించాడు. నిజంగానే నీటుగా ఉంది.

గుండీలావిడ మాట ఇంకా బాగుంది. ఒక్క కొట్టు ఉంటే దొరుకుతుందో లేదో అని జనం రారట. సందంతా అవే ఉంటే, ఎక్కడో అక్కడ దొరుకుతుందని ధైర్యంగా వస్తారట. తన దగ్గర లేని గుండీ అడిగితే ఎదుటి కొట్టు తనే చూపిస్తుంది. నేను నోరు వెళ్లబెట్టాను.

వదినా, ఆ సందు మలుపులో రఫ్ఫు బల్ల ఒకటుంది. ఖాళీగా ఉంది. కుట్టే ఆయన వయసైపోయి కూతురి దగ్గరికి వెళ్లిపోయాడట. లాండ్రీ అక్క అని ఒకావిడుంది, చిరిగిన కోట్లు వస్తే ఎవరికివ్వాలో తెలియక తల పట్టుకుంటోంది. వెంటనే మా వదిన ఉందని గొప్పలు కోసేశాను.

తిట్టకు. ఈ పార్సిల్లో ఒక నల్ల ఉన్ని కోటు ఉంది. ఛాతీ మీద పురుగు కొట్టిన చిల్లు. కోటు ఒక వయొలిన్ వాయించే ఆయనది. అక్క ఒప్పుకునే ఇచ్చింది. నెలాఖరు ఇంకా రాలేదుగా. మేనేజరుకి జవాబు చెప్పకముందు ఒక్కసారి కుట్టి చూడు.

నీ మరదలు


బస్టాండు వెనక, కొట్టు

ఓసి గడుగ్గాయీ,

అడక్కుండా మనుషుల కోట్లు బస్సెక్కిస్తావా! వర్షంలో తడిసుంటే ఎవరు జవాబు చెప్పేవాళ్లు? పార్సిలు విప్పి నిన్ను తిట్టుకుంటూనే కోటు కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను. ఆ తర్వాత తిట్టడం మర్చిపోయాను.

ఎంత మంచి బట్టో! ఏటవాలు నేత. అడ్డపోగు రెండు పోగుల మీంచి దాటి ఒకదాని కిందికి వెళ్తుంది, పక్క వరసలో ఒక్క పోగు జరిగి మళ్లీ అదే నడక. మామయ్య ఇలాంటి బట్ట దొరికితే ఆ రోజు మనుషులతో మాట్లాడేవారు కాదు. బయట నలుపు వెలిసి కొంచెం గోధుమరంగు తిరిగింది. అంచు మడతలో పోగులు తీద్దామంటే అవి మరీ నల్లగా ఉన్నాయి. కోటంతా వెతికాను. చివరికి జేబు మూత తిరగేస్తే, దాని అంచున సరిగ్గా ఆ రంగు పోగులు దొరికాయి. ఒక్కొక్కటే లాగి, ఒక్కొక్కటే నేశాను. మీ అన్నయ్య మధ్యాహ్నం భోజనానికి వచ్చి, నన్ను చూసి, తనే వడ్డించుకు తిని పోయాడు. పంపులు బాగుచేసే మనిషి కదా, పనిలో ఉన్నవాళ్లని కదపకూడదని ఆయనకి తెలుసు.

పూర్తయ్యాక దులిపి, ఆవిరి పట్టి, వెలుతురులో పెట్టి చూశాను. ఏమీ కనపడలేదు. పిచ్చిదానిలా నవ్వుకున్నాను.

కోటు జాగ్రత్తగా అప్పజెప్పు. ఆయన ఏమన్నాడో అక్షరం పొల్లుపోకుండా రాయి.

వదిన


నగరం, కార్యాలయం మెట్లు

వదినా, కొంప మునిగింది.

వయొలినాయన కోటు వేసుకోలేదు. ముందు చేత్తో ఛాతీ దగ్గర తడిమాడు. తర్వాత వెలుతురులోకి తీసుకెళ్లి చూశాడు. "ఇది నా కోటు కాదు" అన్నాడు! "నా కోటుకి ఇక్కడ చిల్లుంది. ఆ చిల్లు బాగుచేయమన్నాను గానీ, అలాంటిదే ఇంకో కోటు తెచ్చివ్వమన్నానా? అది మా నాన్న వేసుకున్న కోటు!" అని అరిచాడు.

లాండ్రీ అక్క నడుం మీద చేతులు పెట్టుకుని, "చిల్లు లేని కోటిచ్చి చిల్లు కోటు దొంగిలించే దొంగ ఎక్కడైనా ఉంటాడా అయ్యా?" అంది. ఆయన వినడే. చిల్లు కుట్టిన చోటు చూపించమన్నాడు. అక్క అటు తిప్పింది, ఇటు తిప్పింది. కాజాలాయన వచ్చాడు, లైనింగాయన భూతద్దం తెచ్చాడు. సందు సందంతా ఆ కోటు మీద వంగింది. ఒక్కళ్లకీ కనపడలేదు!

అప్పుడు కాజాలాయన నా మీద ఎగిరాడు. "మీ వదిన పోగు వదల్లేదా?" అని. ఇక్కడ పద్ధతేంటంటే, రఫ్ఫు చేశాక లోపలి వైపు ఒక పోగు కత్తిరించకుండా వేలాడదీస్తారట. బట్ట తీసుకునేవాడు ఆ పోగు పట్టుకుని, ఇక్కడన్నమాట అని చూసుకుని, తనే కత్తిరించుకుంటాడట. ఆ పోగు లేకపోతే పని జరిగినట్టే కాదట. నాకేం తెలుసు? నీకేం తెలుసు?

ఆదివారం ఆయన కచేరీ. వేరేవాళ్ల కోటు వేసుకుని వాయించనంటున్నాడు. నా మెడలో బిళ్ల చూసి, మీ ఆఫీసులో ఫిర్యాదు చేస్తానన్నాడు. నీ పేరు చెప్పి గొప్పలు పోయింది నేనే, ఇప్పుడు సందులో తలెత్తుకోలేకపోతున్నాను. ఎక్కడ కుట్టావో బొమ్మ గీసి పంపు. ఈ బస్సుకే.

మరదలు


బస్టాండు వెనక, కొట్టు

మరదలు పిల్లా,

బొమ్మ గీయలేను. చూస్తే నాకూ తెలియదు. వేలికి మాత్రమే తెలుస్తుంది.

పోగు వదలడమేంటే? వదిలితే హెడ్‌మాస్టరు గారు ఊళ్లో తిరగగలరా? ఇక్కడ ఎవరి ప్యాంటు ఎప్పటిదో అందరికీ తెలుసు. కుట్టిన సంగతి దాచడమే ఇక్కడ మా పని. మామయ్య చివరి పోగు కత్తిరించాక దాన్ని కూడా ఊదేసేవారు.

మేనేజరు మళ్లీ వచ్చి వెళ్లాడు. ఎల్లుండి నెలాఖరు, చెప్తానన్నాను. ఇప్పుడైతే నాకు ప్యాంట్ల కాళ్లే రాసిపెట్టి ఉన్నాయేమో అనిపిస్తోంది. కానీ నేను కుట్టిన కోటుని ఆయన తన కోటు కాదంటే మాత్రం ఊరుకోను. నిన్ను దొంగన్నా ఊరుకోను.

ఈ ఉత్తరం తెచ్చే బస్సు వెనకే ఇంకో బస్సులో నేనొస్తున్నాను. ఆ మనిషిని సందులో కూచోబెట్టు.

వదిన


నగరం, నాలుగో అంతస్తు గది

వదినా,

నన్ను సరిగ్గా అప్పుడే పెద్దసారు పిలవాలా! "ఇతరములు గడి ఇంత లావెందుకైంది" అని పొద్దున్నుంచి మీటింగు. బయటపడి పరిగెత్తుకుంటూ వచ్చేసరికి నువ్వు బస్సెక్కేశావు.

సందులో అడిగితే అందరూ నవ్వుతున్నారు. కాజాలాయన, "మీ వదిన్నే అడుగు" అంటాడు. గుండీలావిడ, "అబ్బో, మీ వదినా!" అని ఊరుకుంటుంది. కోటు లేదు, వయొలినాయన లేడు. గదికొస్తే శాలువా కూడా లేదు! నర్సుని అడిగితే, "మీ వదిన వచ్చి అధికారంగా తీసుకెళ్లింది, నేనేం చేసేది?" అంది.

ఏం జరిగింది? నాకు తల పగిలిపోయేలా ఉంది. మేనేజరుకి ఏం చెప్పావు? అన్నయ్యకి తెలిసిందా?

నీ మరదలు


ఇల్లు, వంటగది బల్ల

ప్రశ్నల పుట్టకి,

నువ్వు లేకపోవడమే మంచిదైంది. ఉంటే మధ్యలో దూరి మాట్లాడేదానివి.

వెళ్లేసరికి వయొలినాయన కుర్చీలో కూచుని మొహం గంటు పెట్టుకుని ఉన్నాడు. నేను నమస్కారం కూడా చెప్పలేదు. కోటు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, వేలితో వెతికాను. దొరక్కపోతే? నా వేలికే దొరక్కపోతే ఏం చేసేదాన్ని? ఒకసారి దాటి పోయాను కూడా. వెనక్కొస్తే దొరికింది. ఆయన వేలు పట్టుకుని దాని మీద పెట్టాను. తీగల మీద ఆడే వేళ్లు కదా, మెల్లిగా అటూ ఇటూ జరిపి, "ఆ" అన్నాడు. అప్పుడు జేబు మూత తిరగేసి, పోగులు ఎక్కడినుంచి తీశానో ఆ పల్చబడ్డ అంచు చూపించాను. "మీ కోటు దారాలతోనే మీ కోటు కుట్టానండీ. వేరే కోటు నాకెక్కడిది?" అన్నాను.

ఆయన కోటు వేసుకుని, చెయ్యి వయొలిన్ పట్టినట్టు ఎత్తి చూసుకుని, "మా నాన్నదే" అన్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేనూ ఏడ్చేశాను, సిగ్గు లేకుండా. నీ మీద ఫిర్యాదు మాట మళ్లీ ఎత్తలేదు.

అక్కడితో వచ్చేయాల్సింది. కానీ ఆ కాజాలాయన ఊరుకుంటేగా! "పోగు ఎందుకు వదల్లేదో ముందు చెప్పు" అన్నాడు. మా ఊళ్లో దాచాలి అన్నాను. "ఇక్కడ నిన్నెవడు ఎరుగును? పోగు చూపించకపోతే నీ చేతి పని అని ఎలా తెలుస్తుంది?" అన్నాడు. లైనింగాయన నా వైపు మాట్లాడాడు. గుండీలావిడ, ఏటవాలు నేతలో చిల్లు మూల దగ్గర పోగు ఎలా తిప్పావు, చూపించు అంది. చూపిద్దామని ఒక్క నిమిషం ఆ ఖాళీ బల్ల ముందు కూచున్నాను. దీపం కూడా ఉందే దానికి, మెడ వంచుకునేది. లేచేసరికి బస్సు వెళ్లిపోయింది. నీ గదికి వెళ్లి శాలువా తీసుకుని తర్వాతి బస్సు పట్టుకున్నాను.

దారంతా ఒకటే ఆలోచన. మామయ్య పోయాక నా పని గురించి నన్ను ఎవరైనా అడిగారా? బాగుందమ్మా అన్నారు, ఎంతమ్మా అన్నారు. మూల ఎలా తిప్పావని ఎవరడిగారు? అక్కడ నన్ను తిట్టినవాళ్లు కూడా పని తెలిసి తిట్టారు. అంతమంది పని తెలిసినవాళ్లు ఒక్క చోట ఉంటారని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

రేపు మేనేజరుకి జవాబు చెప్పాలి. ముందు మీ అన్నయ్యకి చెప్పాలి. భయంగా ఉంది. ఆయన్ని ఆయన ఊరి నుంచి కదిలిరమ్మని ఎలా అడగను? ఇప్పుడే గేటు చప్పుడైంది, వచ్చినట్టున్నాడు.

వదిన


బస్టాండు వెనక, మన కొట్టు

వదినా,

ఎవరు ఎక్కడున్నారో చూశావా! పెద్దసారుకి నా మీద విసుగొచ్చి, "అసలు ఊళ్లు వదిలి ఎందుకొస్తున్నారో ఆ ఊళ్లలోనే అడిగి రా" అని పంపించారు. కొత్త కాగితాలు ఇచ్చారు. ఈసారి "ఇతరములు" గడి పెద్దదిగా వేయించారు, అదే నా విజయం.

నువ్వు ఖాళీ చేసిన కొట్లో, నీ స్టూలు మీదే కూచుని రాస్తున్నాను. ఎదురుగా గాజు దుకాణం మేనేజరు పలకరించాడు. "మీ వదినగారు రానన్నా, నా కోటు చిల్లు ఒకటి కనపడకుండా కుట్టి చూపించి వెళ్లారండీ, నేనేమో ఇలాంటావిణ్ణి ప్యాంట్ల కాళ్లకి పిలిచాను" అని నొచ్చుకున్నాడు. మంచివాడే.

అన్నయ్య పానాలు, పైపులు గోతాముల్లో సర్దుతున్నాడు. ఈ వారంలోనే నీ దగ్గరికొస్తాడు. ఆ రోజు నువ్వు అడిగితే ఏమన్నాడో నువ్వు రాయలేదు గానీ ఆయనే చెప్పాడు. "పంపులు అక్కడ పాడవ్వవా ఏంటి? దీనికి ఇన్ని రోజులు భయపడాలా?" అన్నాట్ట. పైకి అంతే. నాతో మాత్రం, "నాన్న పని ఆగిపోతుందేమోనని నాకూ బెంగగానే ఉండేదే" అన్నాడు.

ఇక ఉద్యోగ ధర్మం. శ్రీమతి రఫ్ఫు వదిన గారూ, ఆ నగరానికి మీరెందుకు వెళ్లారు? రోడ్లా, నీళ్లా, కరెంటా, పన్నులా?

నీ మరదలు


నగరం, సందు మలుపు, రఫ్ఫు బల్ల

మరదలు పిల్లా,

రోడ్లు గతుకులు. నీళ్లు మూడో అంతస్తుకి ఎక్కవు, మీ అన్నయ్య వచ్చి చూస్తే గానీ. కరెంటు నిన్న పోయింది, అందరం బయట కుర్చీలేసుకుని కూచున్నాం, కాజాలాయన పాట పాడాడు, భరించలేకపోయాం. పన్నుల సంగతి నాకు తెలియదు. నువ్వే చూసి ఏదో ఒక గడిలో పెట్టుకో, లేకపోతే నా ఉత్తరాలన్నీ కలిపి ఆ పెద్ద గడిలో అంటించు.

వయొలినాయన తన జట్టువాళ్ల కోట్లన్నీ మోసుకొచ్చాడు. ఒక్కొక్కళ్లూ పోగు పట్టుకుని, లాగి చూసి, కత్తెర అడుగుతున్నారు. మొదట్లో నాకు ప్రాణం పోయినట్టుండేది, పని చెడగొట్టినట్టు. ఇప్పుడు వాళ్ల మొహాలు చూడ్డం కోసం నేనే కత్తెర అందిస్తున్నాను.

ఈ పార్సిల్లో మామయ్య శాలువా ఉంది. చిల్లు ఎక్కడుండేదో వెతక్కు, దొరకదు. నువ్వు ఏడిస్తే తడుస్తుంది, ముందు మొహం కడుక్కుని విప్పు. తర్వాత లోపలి వైపు తిప్పి, అంచు దగ్గర చూడు. ఒక పోగు వదిలాను. మామయ్య ఉంటే ఇదేం పనే అని నన్ను తిట్టేవారు, అయినా వదిలాను. కత్తెర మన కొట్టు కిటికీ పక్క మేకుకి వేలాడుతోంది, నీ కోసమే తీయకుండా ఉంచాను.

నువ్వే కత్తిరించుకో. మా సందులో అదే పద్ధతి.

వదిన